పెంటగన్‌లో ఖబర్ ఎక్కడ ఆగింది?

ఫోర్ట్ హుడ్ పేరు వస్తే మన ఇళ్లలో గొంతులు తగ్గిపోతాయి. 2009 నవంబర్ 5న మేజర్ నిదాల్ హసన్ అక్కడ 13 మందిని చంపాడు. అది ఖతల్, జుల్మ్, ఇంకో మాట లేదు. కాని శక్ మాత్రం మొత్తం కౌమ్ మీద పడింది. దఫ్తర్లలో జరిగిన గల్తీ గురించి అడిగినవాళ్లు తక్కువ.

హసన్ అన్వర్ అవ్‌లకీకి రాసిన ఈమెయిళ్లు ఎఫ్‌బీఐ శాన్‌డియాగో దఫ్తర్ కంటపడ్డాయి. వాళ్లు వాషింగ్టన్‌కు ఖబర్ పంపారు. అక్కడ రక్షణ శాఖ తరఫున కూర్చున్న అధికారి హసన్ సర్వీసు రికార్డు తిరగేశాడు. అందులో అన్నీ తారీఫులే. ఫైలు మూసేశాడు. హసన్ పైఅధికారులను ఒక్క మాట అడగలేదు. అతని తీరు చూసి పరేషాన్ అయిన తోటి డాక్టర్లు ఉన్నారు, ఆ పరేషానీ రికార్డులోకి ఎక్కలేదు.

2010 జనవరిలో పెంటగన్ సొంత తహకీకాత్ బయటికొచ్చింది. బయటి దుష్మన్ కోసం నియమాలున్నాయట, లోపలి మనిషి కోసం సరిగా లేవట. భద్రతా విధానాలన్నీ కలిపి చూసే జిమ్మేదార్ ఒక్కరూ లేరట. దాదాపు 30 లక్షల మంది ఉన్న మహకమా, జనాబ్! మన మస్జిద్ కమిటీలో చెప్పుల అల్మారాకైనా ఒక జిమ్మేదార్ ఉంటాడు.

నా వాదనకు గట్టి గవాహీ 2013 సెప్టెంబర్ 16. వాషింగ్టన్ నేవీ యార్డ్‌లో ఆరన్ అలెక్సిస్ 12 మందిని చంపాడు. అతను ముస్లిం కాదు. నెల ముందే తనకేవో గొంతులు వినిపిస్తున్నాయని న్యూపోర్ట్ పోలీసులకు చెప్పుకున్నాడు. పోలీసులు నౌకాదళానికి తెలిపారు. అయినా అతని సీక్రెట్ క్లియరెన్స్ అలాగే ఉంది. మజహబ్ వేరు, ఖబర్ ఆగిపోయిన తీరు ఒక్కటే.

తర్వాత పెంటగన్ మేల్కొంది. క్లియరెన్స్ ఉన్నవాళ్లను ఏళ్లకోసారి కాకుండా నిరంతరం పరిశీలించే పద్ధతి తెచ్చింది. 2019లో తహకీకాత్ పనిని ఒకే సంస్థ కిందికి చేర్చింది. మంచిదే అంటాను. నా ఫికర్ వేరే. 2014 జనవరిలో ఇదే పెంటగన్ మజహబ్ కోసం గడ్డం పెంచుకోవడానికి దరఖాస్తు దారి తెరిచింది. ఇజాజత్ ఇచ్చే దఫ్తర్ ఒకటి, మనిషి మీద నిఘా ఉంచే దఫ్తర్ మరొకటి. ఒకరు ఒప్పుకున్న గడ్డం రెండోవాళ్ల కళ్లకు నిషానీ కాకూడదంటే, ఆ ఇద్దరూ ముందు ఒకే కాగితం చదవాలి.