సీతాకోకచిలుక లెక్క

2018 అక్టోబరు 11. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. నాలుగున్నరకూ ఐదున్నరకూ మధ్య 'తిత్లీ' తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140-150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఉద్దానంలో కొబ్బరి చెట్లు కూలిపోయాయి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. టెక్కలి వైపు కూడా కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. ఇంత విధ్వంసం చేసిన తుపాను పేరుకు అర్థం... సీతాకోకచిలుక!

విచిత్రమేమిటంటే, తుపాను ఎక్కడికొస్తుందో కంప్యూటర్లు లెక్కగట్టే పద్ధతి వెనక కూడా ఓ సీతాకోకచిలుక కథ ఉంది. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక వాతావరణ లెక్కను కంప్యూటర్‌తో రెండోసారి చేయించాడు. 0.506127 అనే అంకెకు బదులు 0.506 ఇచ్చాడు. అంత చిన్న తేడాకే ఫలితం పూర్తిగా మారిపోయింది. బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్కలాడిస్తే టెక్సాస్‌లో సుడిగాలి పుడుతుందా అన్న ప్రశ్న 1972లో ఆయన ప్రసంగానికి శీర్షికైంది.

నడిసముద్రంలో ఉన్న తుపానును పిసరంత తేడా లేకుండా కొలవడం ఎవరివల్లా కాదు. అందుకే శాస్త్రవేత్తలు ఒక్క లెక్కనే నమ్ముకోరు. మొదటి అంకెల్ని కొద్దికొద్దిగా మారుస్తూ అదే తుపానును 21 సార్లు లెక్కిస్తారు. దారులన్నీ ఒకే తీరానికి చేరితే ధీమా. చెదిరిపోతే, అప్రమత్తం కావాల్సిన ఊళ్లు ఎక్కువన్నమాట. పన్నెండు కిలోమీటర్ల గడులతో ఈ విధానం మనదేశంలో మొదలైంది 2018 జూన్ 1న. తిత్లీకి నాలుగు నెలల ముందు!

అయితే అందులో ఒక్క లెక్కే కొండంత. ఉపగ్రహాలు, రాడార్లు, ఓడలు, బెలూన్లు పంపే సమాచారమంతా ఒకే కంప్యూటర్ చూస్తూ కూర్చుంటే జవాబు వచ్చేసరికి తుపాను వెళ్లిపోతుంది. ఇక్కడ పలాస జీడిపప్పు పనిని గుర్తుచేసుకోవాలి. బస్తాల కొద్దీ పిక్కల్ని ఒక్కరే ఒలిస్తే ఎన్నాళ్లకి తేలుతుంది? అందుకే తలా కొంత పంచుతారు. ఆ 21 లెక్కల్నీ వేర్వేరు ప్రాసెసర్లకు ఇలాగే పంచేయొచ్చు.

ఒక్కో లెక్క లోపల మాత్రం చిక్కుంది. జీడిపిక్క ఒలిచేవారికి పక్కవాళ్ల పనితో సంబంధం లేదు. కానీ మందస గడిలో గాలి ఎటు మళ్లుతుందో తేలాలంటే పక్కన సముద్రం గడిలో ఏం జరుగుతోందో తెలియాలి. అందుకని వేల ప్రాసెసర్లు అడుగడుగునా ఒకదానికొకటి కబురు చెప్పుకోవాలి. ఒక్కటి వెనకబడితే మిగతావన్నీ ఆగాల్సిందే.

ఈ ఊహ కంప్యూటర్ల కన్నా పాతది. బ్రిటన్‌కు చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ ఆరుగంటల వాతావరణాన్ని చేత్తో లెక్కకట్టడానికి వారాల తరబడి కష్టపడ్డాడు. అదీ తప్పింది. అయినా నిరాశ పడలేదు. ఓ పెద్ద మందిరంలో 64,000 మందిని కూర్చోబెట్టి, తలో ప్రాంతం అప్పగించి, పక్కవారితో అంకెలు పంచుకోనిస్తే వాతావరణంతో సమానంగా పరుగెత్తొచ్చని 1922లో రాశాడు. 2018లో పుణెలో ఏర్పాటైన 'ప్రత్యూష్' సెకనుకు 4,000 లక్షల కోట్ల లెక్కలు చేయగలిగేది. 2024లో అంతకన్నా శక్తిమంతమైన 'అర్క', 'అరుణిక' వచ్చాయి. 2025 మేలో గడి ఆరు కిలోమీటర్లకు తగ్గింది.

మరి ఇన్ని లెక్కలతో ఒరిగేదేమిటి? 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టనపెట్టుకుంది. నేడు రోజుల ముందే హెచ్చరిక వస్తోంది, తీరగ్రామాల్ని ఖాళీ చేయించే వ్యవధి దొరుకుతోంది. అలాగని గండం తీరాన్ని దాటడంతోనే తీరిపోదు. పలాస దాటిన తిత్లీ బలహీనపడుతూ ఈశాన్యానికి మళ్లింది. ఒడిశాలోని గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి.

మనిషిని ముందురోజే తరలించొచ్చు. కొబ్బరిచెట్టును తరలించలేం. కూలిన చోట మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఉద్దానం రైతుకు ఆ ఏళ్లు గడిచే దారి చూపడం మాత్రం ఏ సూపర్ కంప్యూటరూ చేసిపెట్టదు. అది మనుషులే తేల్చాల్సిన లెక్క.