లైబ్రరీకి కంప్యూటర్ కొనేముందు



మన లైబ్రరీకి కంప్యూటర్, సాఫ్ట్‌వేర్ కొనాలన్న ప్రతిపాదన వచ్చే మీటింగులో చర్చకు వస్తోంది. వద్దని నేను అనను. కానీ నాలుగు కొటేషన్లు తెప్పించి, తక్కువ ధర చూసి సంతకం పెట్టే పద్ధతి కుర్చీలకు సరిపోతుందేమో గాని, దీనికి సరిపోదు.

పావగడ సంగతి వేరు. ఇంట్లో మాట తెలుగు, పిల్లల చదువు కన్నడ. చాలా ఇళ్లలో తాత చదివే తెలుగు అక్షరం మనవడికి రాదు. చదివి వినిపిస్తే మాత్రం అంతా అర్థమవుతుంది. పుస్తకం పేరు తెలుగు లిపిలోనే ఎక్కిస్తే పిల్లవాడు వెతుక్కోలేడు. కన్నడలోనే ఎక్కిస్తే తాతకు దొరకదు. కాబట్టి పేరు, రచయిత రెండు లిపుల్లోనూ ఎక్కాలి, ఏ లిపిలో వెతికినా అదే పుస్తకం కనబడాలి. పుస్తకం చేతికొస్తే పిల్లవాడు తాతతో చదివించుకుంటాడు. రెండు లిపులూ దగ్గరివే కదా, కొన్నాళ్లకు తానే కూడబలుక్కుంటాడు. అమ్మేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

రెండోది: అక్షరాలు యూనికోడ్‌లో ఉంటాయా? డీటీపీ సెంటర్లలో పాత అను ఫాంట్లతో కొట్టిన జాబితా, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. అందులో ఏదీ వెతకలేం.

మూడోది: రేపు సాఫ్ట్‌వేర్ మార్చుకోవాలంటే, మనం ఎక్కించిన జాబితా మొత్తం మన చేతికి ఇస్తారా? ఎక్సెల్‌లోనో, లైబ్రరీలు వాడే మార్క్ పద్ధతిలోనో ఇస్తామని ముందే రాయించుకోవాలి. లేకపోతే వాళ్లు ఏటా ఎంత అడిగితే అంత కట్టాల్సిందే.

న్యూజిలాండ్‌లో హోరోవెనువా లైబ్రరీ ట్రస్టుకు 1999లో ఇలాంటి చిక్కే వచ్చింది. 2000 సంవత్సరం వస్తే వాళ్ల పాత సాఫ్ట్‌వేర్ పనిచేయదు. వాళ్లు ఒక చిన్న కంపెనీ చేత సొంతంగా రాయించుకుని, దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. అదే కోహా. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. మన దేశంలోనూ ఎన్నో కాలేజీ లైబ్రరీలు దాన్నే వాడుతున్నాయి. లైసెన్సు ఖర్చు లేదు, కానీ పెట్టించడానికి, నేర్పించడానికి, బ్యాకప్‌కు డబ్బు కావాలి. ఆ లెక్క కూడా కొటేషన్ల పక్కన పెట్టి చూడాలి.

ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు, గేట్లు మనకు అక్కర్లేదు. రోజూ వందల మంది వచ్చిపోయే పెద్ద లైబ్రరీలకు అవి. మనకు బార్‌కోడ్ స్టిక్కర్లు, ఒక స్కానర్ చాలు. మిగిలిన డబ్బుతో మంచి యూపీఎస్ కొందాం. తిరుమణి దగ్గర 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్నంత మాత్రాన మన గదిలో కరెంటు పోదని ఎవరూ పూచీ ఇవ్వరు.

నా సూచన ఒక్కటే. 25 తెలుగు, 25 కన్నడ పుస్తకాలు తీసి పెడదాం. అమ్మడానికి వచ్చిన ప్రతివాళ్లూ మన గదిలోనే, మన ముందే వాటిని ఎక్కించి చూపాలి. వెతకడం మాత్రం వాళ్లు కాదు, ఒక హైస్కూలు పిల్లవాడు, ఒక పెద్దాయన, రేపు ఆ కంప్యూటర్ ముందు కూర్చోబోయే మనిషి చేయాలి. ఆ ముగ్గురికీ పుస్తకం దొరికితేనే డబ్బు కడదాం.

అది సభ్యులు నూరూ రెండు నూర్లూ వేసుకున్న చందా డబ్బు. దీనిపై మీ అభిప్రాయం మీటింగుకు ముందే ఇక్కడ రాయండి.