అద్దె యింటిలో మూగజీవి

విశాఖ మన్యపు కొండల దిగువన నర్సీపట్నమును, దానిని ఆనుకొని వరాహనది యొడ్డున బలిఘట్టమను గ్రామమును ఉన్నవి. నది యిచ్చట దక్షిణమునుండి ఉత్తరమునకు ప్రవహించును. అందుచే ఈ స్థలమును ఉత్తరవాహినీ క్షేత్రమని పెద్దలు గౌరవింతురు. ఒడ్డున బ్రహ్మలింగేశ్వరస్వామి ఆలయము కలదు. బలిచక్రవర్తి ఇచ్చట యజ్ఞము చేసెననియు, అందువలననే ఊరికి ఈ పేరు వచ్చెననియు స్థలపురాణము. శివరాత్రికి జనము తండోపతండములుగా వత్తురు. తక్కిన దినములలో ఊరు ప్రశాంతముగా నుండును. నర్సీపట్నము రెవిన్యూ డివిజనుకు ముఖ్యస్థానమగుటచే అచ్చటి కచేరీలలోను, బడులలోను, బ్యాంకులలోను పనిచేయువారు పలువురు బదిలీపై వచ్చి, చుట్టుపట్ల అద్దె యిండ్లలో కాపురముండి, కొన్ని యేండ్లకు మరల బదిలీపై వెడలిపోవుచుందురు.

అట్టి కుటుంబమొకటి ఇల్లు ఖాళీచేయు దినమును ఊహించుకొనుడు. లారీ వాకిట నిలిచినది. మంచములు, బీరువా, బియ్యపు డబ్బాలు, పిల్లల పుస్తకముల మూటలు ఒకదానిపై నొకటి ఎక్కినవి. పెరటిలోని తులసి కుండీకి సయితము ఒక మూల చోటు దొరకినది. మూడేండ్లు ఆ వాకిట కావలి కాసిన కుక్కకు మాత్రము చోటు దొరకలేదు. అది లారీ చుట్టును తిరిగినది. తనవారు ఎక్కిన బండి వెంట వంతెన వరకు పరుగెత్తినది. రొప్పుచు తిరిగి వచ్చి, తాళము వేసిన తలుపు ముందు పండుకొన్నది.

ఇది ఒక్క బలిఘట్టమున జరుగునది కాదు. బదిలీలున్న ప్రతి పట్టణమునను జరుగునదే. అయినను దీనిని తప్పని ఎంచువారు అరుదు. అడిగినచో, “కుక్కకేమి, నలుగురు నాలుగు ముద్దలు వేయుదురు, ఎచ్చటనైనను బ్రతుకును” అని సమాధానము వచ్చును. ఈ సమాధానము సరియైనది కాదు. వీధిలో పుట్టి పెరిగిన కుక్కకు తన హద్దులు తెలియును. ఏ వేళకు ఏ ఇంట మెతుకులు పడునో, ఏ బండికి ఎట్లు తొలగవలెనో తెలియును. ఇంట పెరిగిన కుక్కకు ఈ విద్యలేవియు రావు. పళ్లెములో పెట్టిన అన్నమే దానికి తెలిసిన ఆహారము. ఆ వీధి కుక్కల గుంపు దానిని తమలోనికి రానీయదు. ఆకలి, కాట్లు, గజ్జి, బండి చక్రము — వీనిలో ఏదో యొకటి దానికి అంత్యమగును. అంతవరకు అది పాత వాకిలిని విడువదు.

జపాను దేశమున హచికో అను కుక్క యుండెను. దాని యజమాని టోకియోలో ఆచార్యుడు. ఆయన ప్రతిదినము రైలు దిగి వచ్చు వేళకు అది షిబుయా స్టేషనుకు ఎదురు పోవుచుండెను. 1925లో ఆయన పనిచేయు చోటనే మరణించెను. కుక్క మాత్రము 1935లో తాను చనిపోవువరకు, దాదాపు పదేండ్లు, అదే స్టేషనులో ఎదురు చూచెను. లోకమంతయు ఆ కుక్క విశ్వాసమును మెచ్చుకొని కాంస్యవిగ్రహము వంటి గౌరవములను చేసినది. మెచ్చుకొనుట సులభమే. యజమాని చనిపోయెనా, బదిలీపై పోయెనా అను భేదము కుక్కకు తెలియదను సంగతి మాత్రము ఎవరికిని తట్టదు. ఖాళీ చేసిన అద్దె యింటి ముందు పండుకొన్న కుక్కయు హచికోయే. దానికి విగ్రహము పెట్టువారు లేరు, అంతియే భేదము.

మన దేశమున ఈ విషయమునకు చట్టము లేకపోలేదు. ప్రసిద్ధ నర్తకియైన శ్రీమతి రుక్మిణీదేవి అరండేలు రాజ్యసభ సభ్యురాలుగా నుండి, మూగజీవుల హింసను మాన్పుటకు ఒక బిల్లును ప్రవేశపెట్టిరి. ప్రభుత్వమే సమగ్రమైన బిల్లును తెచ్చునని ప్రధానమంత్రి నెహ్రూ మాట యిచ్చుటచే ఆమె దానిని ఉపసంహరించుకొనిరి. ఆ మాట ప్రకారము 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. ఆకలిదప్పులతో బాధపడునట్టి స్థితిలో ఒక జంతువును తగిన కారణము లేక విడిచిపెట్టుట ఆ చట్టము ప్రకారము నేరము. అయితే తొలి నేరమునకు ఆ చట్టము విధించిన జరిమానా ఎంత? పది రూపాయలకు తక్కువ కాకుండ, ఏబది రూపాయలకు మించకుండ! లారీలో కుక్కను ఎక్కించు శ్రమ కన్న ఈ జరిమానా చౌక. కావున ఈ విషయమున చట్టమును నమ్ముకొని కూర్చుండుట వృథా. 1976లో రాజ్యాంగమున చేర్చిన ప్రాథమిక విధులలో ప్రాణుల యెడల కరుణ కలిగియుండుట యొకటి. అది జరిమానాతో పనిలేని మాట.

స్వర్గద్వారమున కుక్కను విడువనన్న ధర్మరాజు కథను అందరును ఎరుగుదురు. ఆంధ్రమహాభారతము ఆదిపర్వములోని సరమ కథను తలచువారు తక్కువ. సరమ దేవతల కుక్క. దాని బిడ్డ జనమేజయుని యాగశాల దగ్గర ఆడుకొనుచుండగా రాజు తమ్ములు కొట్టిరి. సరమ స్వయముగా సభకు వచ్చి, ఏ తప్పును చేయని తన బిడ్డను ఏల కొట్టిరని అడిగినది. పిమ్మట, తగునది తగనిది విచారింపక సాధువులకు కీడు చేయువారికి కారణము లేని భయములు కలుగునని చెప్పి వెడలిపోయినది. అంతటి మహాకావ్యము మొదటనే ఒక కుక్క వచ్చి రాజును న్యాయమడుగుట చిన్న సంగతి కాదు. ఆ సరమకు నోరున్నది. వాకిట విడువబడిన కుక్కకు అది లేదు.

ఇంతవరకు విడిచిపోవువారి మాట. ఇంటి యజమానుల మాటను గూడ వినవలెను. వారిని నిర్దయులని తీసివేయుట న్యాయము కాదు. అద్దె యిల్లు పలువురకు జీవితకాలపు కష్టార్జితము. కుక్క తలుపులు గీకును, రాత్రి మొరిగి ఇరుగుపొరుగు వారిని నిద్రపోనీయదు, మెట్లపై మలవిసర్జనము చేయును, గోమార్లను తెచ్చును. కొందరి ఇండ్లలో మడి ఆచారము కలదు. అన్నిటికిని మించి కాటు భయము కలదు. రేబిస్ రోగము సోకి లక్షణములు బయటపడిన పిమ్మట బ్రతుకుట అత్యంత అరుదు. చిన్నపిల్లలున్న యింటివారు ఆ భయముతో “కుక్కలకు చోటు లేదు” అన్నచో వారిని తప్పు పట్టరాదు.

కాని ఈ భయములలో ప్రతిదానికిని మందున్నది. మూడు నెలల వయసున రేబిస్ టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయించుచున్నచో, ఆ చీటీని ఇంటివారికి చూపవచ్చును. తలుపు పాడైనచో బాగుచేయించి యిత్తుమని ఒప్పందపు కాగితములో వ్రాయవచ్చును. అడ్వాన్సు కొంత యెక్కువ ఇయ్యవచ్చును. వాకిలిని దినదినము కడుగుట అద్దెకున్నవారి పని. భారత జంతు సంక్షేమ మండలి 2015లో సూచనలు వెలువరించి, నివాస సంఘములు పెంపుడు జంతువులను నిషేధింపరాదని చెప్పినది. ఆ సూచనలు నగరములలోని అపార్టుమెంటు సంఘములకు పనికివచ్చును. బలిఘట్టము వంటి చోట, క్రింది వాటాలో ఇంటివారు, మీది వాటాలో అద్దెవారు ఉండు పెంకుటిండ్లలోను డాబాలలోను, కాగితము చూపి గడప దాటుట కన్న నోటిమాటతో ఒప్పించుటయే మేలు. “అమ్మగారూ, మా యింట నొక కుక్క కలదు. ముందే చెప్పుచున్నాము. ఒక నెల చూడుడు, మీకు ఇబ్బంది కలిగినచో మరల మాటలాడుకొందము” అన్నవారికి ఇల్లు దొరకును. దాచిపెట్టి రాత్రివేళ కుక్కను లోనికి తెచ్చినవారు తమకు మాత్రమే గాక, తమ తరువాత వచ్చు ప్రతి అద్దెదారునకును తలుపు మూయించుచున్నారు.

ఇంతకును ఆ ప్రాణి కోరు చోటెంత? పొడవున మూడడుగులు, వెడల్పున రెండడుగులు. వామనుడు బలిని అడిగినదియు మూడడుగులే. ఆ మూడడుగులతో తనకున్నదంతయు పోవునని గురువు హెచ్చరించినను, ఇచ్చిన మాటకై బలి వెనుదీయలేదు. కుక్కపిల్లను ఇంటికి తెచ్చుటయు అట్టి మాట యిచ్చుటయే. అది పదేండ్లు, పండ్రెండేండ్లు బ్రతుకును. అంత కాలములో బదిలీలు ఎన్ని వచ్చునో లెక్క వేసికొని, పిమ్మట తేవలెను. పిల్లలు ముచ్చటపడిరని సంతలో కొని తెచ్చుట, వారు హాస్టలుకు పోగానే గొలుసు విప్పి వదలుట — ఇది ప్రేమ కాదు, ఆటవస్తువుతో ఆడుకొనుట.

తీసికొనిపోవ నిశ్చయించినవారికి దారి కష్టమైనది కాదు. రైలులో మొదటి తరగతి ఏ.సి. పెట్టెలో గది మొత్తమును తీసికొన్నచో కుక్కను తమతోనే ఉంచుకొనవచ్చును. లేనియెడల గార్డు పెట్టెలోని కుక్కల గూటిలో, తగిన రుసుము చెల్లించి పంపవచ్చును. నర్సీపట్నం రోడ్డు స్టేషను పట్టణమునకు చాల దూరము కావున, అచ్చటికి చేరు బండిని గూడ ముందే కుదుర్చుకొనవలెను. ప్రయాణమునకు ముందు కడుపునిండ పెట్టరాదు. నీరు మాత్రము దగ్గర నుంచుకొనవలెను. మెడపట్టీకి ఫోను నంబరు వ్రాసిన బిళ్ళ కట్టుట ఎంతయో మేలు. కొత్త ఊరిలో కుక్కలు తప్పిపోవునది మొదటి వారమునందే.

పిల్లి తీరు వేరు. కుక్క మనిషిని అంటిపెట్టుకొనును. పిల్లి ఇంటిని అంటిపెట్టుకొనును. కొత్త యింటికి తెచ్చిన దినముననే వదలినచో పాత యింటిని వెదకుకొనుచు పోవును. రెండు మూడు వారములు ఇంటిలోననే ఉంచి, అచ్చటనే తిండి పెట్టుచున్న పిదప మెల్లగా బయటికి విడువవలెను. ఇక రామచిలుకను పంజరముతో మోసికొనిపోవువారికి చెప్పవలసినది ఒక్కటే: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని పెంచుటయే నేరము.

విహారముల విషయమునను మనుష్యులు తమ సంతోషమునే కుక్క సంతోషమని అనుకొనుచుందురు. చలికాలమున పొగమంచు చూచుటకై చింతపల్లి దారిలో లంబసింగికి పోవువారు కొందరు కుక్కను కారులో ఎక్కింతురు. పొగమంచు అందము దానికి పట్టదు. ఘాట్ రోడ్డు మలుపులలో కడుపు త్రిప్పును. దిగినచోట కారు అద్దములు బిగించి, దానిని లోననే యుంచి ఫలహారమునకు పోవుట మరియు దారుణము. ఎండలో నిలిపిన కారులోని వేడి పది నిమిషములలోనే పది డిగ్రీల వరకు పెరుగును. కుక్కకు మనవలె దేహమంతయు చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే దానికున్న ప్రధానోపాయము. మన్యపు అడవిలో దానిని విడిచినచో కుందేళ్ళను తరుమును; ఊరి రోగములను అడవి జంతువులకు అంటించును. అనకాపల్లి దిగువన కొండకర్ల ఆవ వంటి పక్షుల మడుగుల దగ్గరకు కుక్కను తీసికొనిపోవుట పక్షులకు ఉపద్రవము.

దానికి కావలసిన విహారము వాకిటనే యున్నది. తెల్లవారుజామున వరాహనది గట్టు వెంట అరగంట నడక — గొలుసు చేత పట్టుకొని, స్నానఘట్టమునకును ఆలయమునకును దూరముగా — కుక్కకు వేయి లంబసింగులతో సమానము. గడ్డి వాసన, ఇసుక వాసన, రాత్రి అటుగా పోయిన మరియొక కుక్క జాడ: అది చదువుకొను వార్తాపత్రిక యదియే. మలమును కాగితముతో తీసి పారవేయుటకు నామోషీపడువారు కుక్కను బయటికి తేకుండుటయే మంచిది. ఆ గట్టున నడచువారు ఇతరులును ఉందురు. వేసవిలో ఎండ ముదిరిన పిమ్మట తారురోడ్డుపై దానిని నడిపింపరాదు. అరచేతిని రోడ్డుపై కొన్ని క్షణములు ఆనించి, మనము ఓర్వలేనిచో అదియు ఓర్వలేదని తెలిసికొనవలెను. కార్తికమాసపు వనభోజనములకు తీసికొనిపోయినచో విస్తళ్ళలో మిగిలిన ఉల్లిపాయ కూరలను, పిల్లల చేతి చాకొలెట్టును పెట్టరాదు. రెండును దానికి విషతుల్యములు.

ఎంత వెదకినను ఇల్లు దొరకని కుటుంబములును ఉండును. ముసలివారి జబ్బు, విదేశ ప్రయాణము వంటి నిజమైన చిక్కులు కలవు. అట్టివారు లారీ వచ్చువరకు ఆగరాదు. రెండు నెలలు ముందుగానే దానిని ప్రేమించు మరియొక ఇంటిని వెదకవలెను. కొన్ని దినములు అచ్చటికి తీసికొనిపోయి ఆ ఇంటివారి చేతి అన్నము తినిపించవలెను. అది ఏ వేళకు తినునో, ఏ శబ్దమునకు బెదరునో, ఏ పేరుతో పిలిచిన పలుకునో, టీకా ఎప్పుడు వేయించిరో కాగితముపై వ్రాసి యియ్యవలెను. అది పండుకొను పాత గోనెసంచిని ఉతుకకుండ దానితోపాటు పంపవలెను.