వ్యూహక్రీడలయందు చేతిశ్రమ యెంత యుండవలెను?

చదరంగమున నోడినవాడు తన యెత్తును నిందించుకొనును గాని పలకను నిందింపడు. ఏలయన, ఏనుగును జరుపుటకు చేయి చాపుట తప్ప వేఱు కష్టము లేదు. కంప్యూటరు తెరపై నాడు వ్యూహక్రీడలయందు ఈ న్యాయ మెల్లప్పుడును నిలువదు. అచట ఆటగాడు తన తలంపును బొత్తాములు, గుర్తులు, చిన్న పటము, మౌసు మొదలగువాని మూలముననే తెలుపవలెను. వీని నన్నిటిని గలిపి ఇంటర్‌ఫేసు అందురు. అది సరిగా లేనిచో మంచి యాలోచన గలవాడును ఓడును. కావున దానిని బాగుచేయుట ఆటగానికి న్యాయము చేయుటయే యని నా యభిప్రాయము.

ఈ విషయమున గడచిన చరిత్ర గమనింపదగియున్నది. 1992లో వెలువడిన డ్యూన్ 2 అను ఆటలో ఒక్కొక్క భటునికి వేఱువేఱుగ ఆజ్ఞ నీయవలసియుండెను. 1994లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ నలుగురిని, 1995లో వచ్చిన దాని రెండవ భాగము తొమ్మండుగురను, 1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ పండ్రెండుగురను ఒక్కమారు ఎన్నుకొననిచ్చెను. 2010లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ 2లో పెద్దసేన నంతటిని ఒక్క యాజ్ఞతో నడపవచ్చును. సేనాపతి కన్ను వ్రేళ్లపైనుండి తొలగి యుద్ధభూమిపై నిలిచెను.

సేద్యపు ముచ్చటయు నిట్టిదే. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అను ఆట 1999లో వెలువడినప్పుడు, పొలము సారము తగ్గిన ప్రతిమారును ఆటగాడే దానిని మరల వేయింపవలసివచ్చెను. యుద్ధమునం దేమఱినచో ఇంటికడ సేద్యము నిలిచిపోవుచుండెను. 2000లో వచ్చిన అనుబంధమున ముందుగనే వరుసగా చెప్పియుంచు ఏర్పాటు కలిగెను. 2019నాటి క్రొత్త కూర్పున పొలము తనంతట తానే మరల వేయబడును; వలదన్నచో ఆ యేర్పాటును మాన్పవచ్చును. కట్టెను సేద్యమునకు వెచ్చింపవలెనా, నావలకు వెచ్చింపవలెనా యను నిర్ణయము మాత్రము ఆటగానిదే.

కొందఱు దీని కాక్షేపణ చెప్పుదురు. వ్రేళ్ల నేర్పును విద్యయే, వీణ వాయించువానికివలె అభ్యాసము వలన వచ్చునదే యని వారి వాదము. 2017లో స్టార్‌క్రాఫ్ట్‌ను క్రొత్త బొమ్మలతో మరల వెలువరించినప్పుడు సయితము పండ్రెండుగురి పరిమితిని అట్లే యుంచిరి. ఆ నేర్పును ప్రేమించువారి కది తగియే యున్నది. అయినను ఆలోచనకు పరీక్షయని చెప్పి వ్రేళ్లకు పరీక్ష పెట్టుట న్యాయము గాదు.

నేనెఱిగిన బాలు డొకడు ఎఱుపును ఆకుపచ్చను వేఱుపఱచి చూడలేడు. ఒకనాడు జట్టుగా నాడుచు తన సేనను మిత్రుని సేనమీదికే నడపెను. తోడివారు వానిని మందమతి యని నవ్విరి. ఆనాటి వ్యూహము పన్నినవాడు వాడే. రంగుతోపాటు ధ్వజములకు వేఱువేఱు ఆకారము లుండినచో ఆ యవమానము తప్పియుండును.

కావున ఆటలు నిర్మించువారికి నా మనవి నాలుగు మాటలలో చెప్పెదను. ఒకేవిధమైన పనిని ఒక్కమారు చెప్పినచో చాలునట్లు చేయుడు. ఆజ్ఞ చెల్లనప్పుడు కారణమును తెలుపుడు. అక్షరముల పరిమాణమును, మీటలను, రంగులను ఆటగాడు మార్చుకొననిండు. ఎప్పుడు పోరవలెను, ఎప్పుడు సంధి చేయవలెను అను నిర్ణయమును మాత్రము యంత్రమున కప్పగింపకుడు; అది పోయినచో ఆటయే పోవును.

సోదర విద్యార్థులారా! మీలో కొందఱు రేపు ఇట్టి ఆటలను నిర్మింపవచ్చును. ఎవడైన తప్పు చేసినప్పుడు వానిని నిందించుటకు ముందు, మన మేర్పఱచిన మార్గము వానికి స్పష్టముగా నుండెనా యని విచారింపుడు.