జామీను సంతకం ఎవరు పెట్టాలి?

ఖైదీ, వకీలు, జమానత్, జామీను, ములాఖత్. కోర్టుల్లో, జైళ్ల దగ్గర తెలుగువాళ్లు రోజూ వాడే ఈ మాటలన్నీ మన ఉర్దూ నుంచి వెళ్లినవే. ఉర్దూ మీడియంలో చదివే రోజుల్లో ములాఖత్ అంటే నాకు ఈద్ నాడు చుట్టాలను కలవడమే. రిపోర్టరునయ్యాక అదే మాటను నల్లగొండ జిల్లా జైలు గేటు బయట ఎండలో కూర్చున్న ఆడవాళ్ల నోట విన్నాను. ఆధార్ జిరాక్సు కొంగున ముడేసుకుని, పొద్దున మొదటి బస్సుకు బయల్దేరి వచ్చినవాళ్లు. లోపల మాట్లాడేది కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల్లో "అన్నం తిన్నవా?" అన్న ప్రశ్నకే సగం టైం పోతుంది.

పెద్దవూర నుంచి వచ్చే అమ్మకు హాలియా మీదుగా నల్లగొండ చేరడం పెద్ద ముష్కిల్ కాదు. ముష్కిల్ అంతా సాయంత్రం బస్సు దిగాకే. కిరాణా కొట్టు ముందు నుంచి, మస్జిద్ గల్లీ నుంచి ఇంటిదాకా నడవాలి. "ఎక్కడికి పోయొస్తున్నవ్ ఖాలా?" అని అడిగేవాడికి ఆమె ఎక్కడికి పోయిందో బాగా తెలుసు. తెలిసే అడుగుతాడు.

పిల్లలకు ఏం చెప్పాలన్నది ఇంకో బాధ. మన ఇళ్లలో దీనికి తయారుగా ఒక అబద్ధం ఉంది: "అబ్బా సౌదీకి పోయిండు". ప్రతి ఖాందాన్‌లో ఒకరో ఇద్దరో సౌదీలోనో దుబాయ్‌లోనో ఉంటారు కాబట్టి ఎవరూ అనుమానించరు. కాని సౌదీలో ఉన్న అబ్బా వీడియో కాల్ చేస్తాడు, ఈద్‌కు పైసలు పంపుతాడు. ఏడెనిమిదేళ్ల పిల్లకు ఆ తేడా అర్థం కావడానికి ఎన్నాళ్లో పట్టదు. స్కూల్లో ఎవరో ఒకరు చెప్పనే చెప్తారు. బాప్ జైల్లో ఉన్నాడన్న సంగతి కన్నా అమ్మీ ఝూట్ చెప్పిందన్నదే ఆ పిల్లను ముందు గుచ్చుతుంది. చిన్న మాటల్లో నిజం చెప్పడమే మేలని నా రాయ్. "అబ్బా మీద కేసు ఉంది, జడ్జి సాబ్ ఫైసలా చేసేదాకా అక్కడ ఉండాలె, నీ తప్పేం లేదు." ఇందులో చివరి ముక్క అన్నిటికన్నా ముఖ్యం. పిల్లలు చాలాసార్లు తమ వల్లే ఇదంతా జరిగిందనుకుంటారు.

ఇక భార్య. ఆమె బేవా కాదు, తలాక్ అయిన మనిషి కాదు. బేవా ఇంటికి పుర్సాకు పోతాం, ఖానా పంపుతాం. ఖైదీ భార్య ఇంటికి పోవడానికి మనకు ఒక రస్మ్ లేదు. రస్మ్ లేదు కాబట్టి ఎవరూ పోరు. నణంద రిష్తా తప్పిపోతే ఆ నింద కూడా ఆమె మీదికే వస్తుంది.

మన ఖౌమ్‌కు జైలు కొత్త కాదు. 2007 మే 18న, జుమా రోజు, మక్కా మస్జిద్‌లో బాంబు పేలింది. పేలుడులోనూ ఆ తర్వాత పోలీసు కాల్పుల్లోనూ మనవాళ్లే పోయారు. ఆ తర్వాత పదుల సంఖ్యలో మన నౌజవాన్లనే పట్టుకుపోయారు. కొందరు కోర్టులో బరీ అయ్యారు, కొందరిని విచారించి వదిలేశారు. 2012లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 70 మందికి ముఆవజా ప్రకటించింది: 20 మందికి మూడేసి లక్షలు, 50 మందికి ఇరవయ్యేసి వేలు. దాంతోపాటు క్యారెక్టర్ సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. 2013లో ఆ ముఆవజా చెల్లదని హైకోర్టు కొట్టేసింది. పైసల సంగతి అలా ఉంచండి. నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసేది ఆ సర్టిఫికెట్. వీడు మంచివాడే అని ఒక మనిషి చేతికి సర్కారు కాగితం ఇవ్వాల్సి వచ్చిందంటే, అది చూపించాల్సింది ఎవరికి? నౌకరీ ఇచ్చేవాడికి, కిరాయికి ఇల్లు ఇచ్చేవాడికి, పిల్లనిచ్చేవాడికి. ఈ ముగ్గురిలో ఇద్దరు చాలాసార్లు మనవాళ్లే.

ఆ రోజుల నుంచి మనం బేగునాహ్ అన్న మాట గట్టిగా పలకడం నేర్చుకున్నాం. జల్సాల్లో, అఖ్బారుల్లో ఆ మాట వినిపిస్తుంది. అవసరమే. కాని ఆ మాటకు ఇంకో వైపు ఉంది. బేగునాహ్ అయితేనే వాడి అమ్మకు సలాం చెప్తామన్నట్టు తయారైంది మన మొహల్లా. మన ఇళ్ల నుంచి లోపలికి పోయినవాళ్లలో ఎక్కువమంది పేర్లు అఖ్బారులో రావు. కొట్లాట కేసు, దొంగతనం, గంజాయి, చెక్ బౌన్సు, బండి కింద మనిషి పడ్డ కేసు, వరకట్నం కేసు. వీళ్లలో కొందరు తప్పు చేసినవాళ్లే, కొందరు కాదు. ఏది ఏమిటో తేల్చాల్సింది అదాలత్. ఎన్‌సీఆర్‌బీ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురి మీద ఇంకా ఏ ఫైసలా రాలేదు. మొహల్లా ఫైసలా మాత్రం అరెస్టయిన రాత్రే వచ్చేస్తుంది. దానికి అపీలు లేదు.

ఈ ఫైసలా ఉత్త మాటలతో ఆగితే సహించవచ్చు. అది ఒక మనిషిని లోపలే ఉంచుతుంది.

నాకు తెలిసిన ఒక ఇంటి సంగతి. ఊరు, పేరు రాయను. ట్రాలీ ఆటో నడిపే అబ్బాయి, కొట్లాట కేసు. జమానత్ మంజూరైంది. ఇద్దరు జామీనుదారులు కావాలన్నది కోర్టు. తల్లి ఇల్లిల్లూ తిరిగింది. ఒకరి పాస్‌పుస్తకం బ్యాంకులో ఉంది. ఒకరు పెద్దకొడుకు దుబాయ్ నుంచి వచ్చాక చూద్దామన్నారు. "చిన్నదాని నికాహ్ ఉన్నది, మా పేరు కోర్టుల ఎందుకు బహెన్?" అన్నారు ఇంకొకరు. హుకుం చేతిలో ఉండి కూడా ఆ అబ్బాయి ఇంకో మూడు వారాలు లోపలే ఉన్నాడు. చివరికి సంతకాలు పెట్టినవాళ్లు అతను ఏటా ఎవరి పత్తి మిల్లుకు చేరవేస్తాడో ఆ రైతులు ఇద్దరు. యాదవులు. "మా పత్తి ఒక్క కిలో తక్కువ రాలే ఎన్నడూ" అన్నాడట అందులో పెద్దాయన. అతనికి ఆ క్యారెక్టర్ సర్టిఫికెట్ చాలింది.

జామీను ఉండటమంటే ఏమిటో మనలో చాలామందికి తెలియకపోవడం కూడా ఈ భయానికి ఒక కారణం. నేరంలో వాటా తీసుకోవడం కాదది. పిలిచినప్పుడు ఈ మనిషి కోర్టుకు వస్తాడని మాట ఇవ్వడం. వాడు పారిపోతే బాండు మీద రాసిన రకం కట్టాల్సి రావచ్చు, అదీ నోటీసు ఇచ్చి మీ మాట విన్నాకే. ఆ రకం కట్టకపోతే, వసూలు కూడా కాకపోతే కోర్టు ఆరు నెలలదాకా సివిల్ జైలుకు పంపవచ్చు. వాడి మీద భరోసా పోయిందనుకుంటే మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకుని మధ్యలోనే తప్పుకోవచ్చు. అయినవాళ్లు సంతకం పెట్టనిచోట కిరాయి జామీన్ల దళారీలు దిగుతారు. దొంగ కాగితాలు పెట్టించి, ఒక కేసు ఉన్నవాడిని రెండో కేసులో ఇరికిస్తారు.

ఈ జామీను బాధ పాతదే. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. పదివేల పూచీకత్తు అడిగారు. సోదరుడు జామీను ఉంటానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని గట్టిగా తప్పుపట్టి, పేదవాడి తాహతును చూసి షరతు పెట్టాలన్నారు. మరుసటి ఏడాది బిహార్ విచారణ ఖైదీల కేసు హుస్సైనారా ఖాతూన్ పేరు మీద నడిచింది. త్వరగా విచారణ జరగడం హక్కు అని దేశానికి చెప్పిన ఆ తీర్పు మీద ఒక ముస్లిం ఔరత్ పేరు ఉంది. మన పిల్లలకు ఆ పేరు ఎవరూ చెప్పరు.

"మరి దెబ్బ తిన్నవాళ్ల సంగతేమిటి భాయ్?" అని అడుగుతారు కొందరు. న్యాయమైన సవాలే. తల పగిలినవాడి ఇంటికీ పోవాలి, వాడి దవాఖానా ఖర్చు గురించి ముందు అడగాలి. కొట్టినవాడి తల్లికి బియ్యం ఇచ్చినంత మాత్రాన కొట్టినవాడిని మాఫ్ చేసినట్టు కాదు. మాఫ్ చేసే హక్కు మనది కానే కాదు, దెబ్బ తిన్నవాడిది. సిరిసిల్ల వైపు నుంచి దుబాయ్ పోయిన కూలీలు ఐదుగురికి ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో శిక్ష పడింది. ఇక్కడివాళ్లు నేపాల్ దాకా పోయి ఆ వాచ్‌మన్ ఇంటివాళ్లను కలిశారు, వాళ్లకు పరిహారం అందింది. పద్దెనిమిదేళ్ల తర్వాత, 2024లో, వాళ్లు ఊళ్లకు చేరుతుంటే విమానాశ్రయంలో ఇంటివాళ్లు పట్టుకుని ఏడ్చారు. ఊరు వాళ్లను వెలివేయలేదు. పరాయి దేశపు జైలు నుంచి వచ్చినవాడిని అక్కున చేర్చుకోగలిగినవాళ్లం, నల్లగొండ జైలు నుంచి వచ్చినవాడిని చూసి సఫ్‌లో జరిగి ఎందుకు నిలబడతాం?

దీన్ సంగతి ఆలిములు నాకన్నా బాగా చెప్తారు. అయినా రెండు విషయాలు అంటాను. సూరా దహ్ర్ ఎనిమిదో ఆయత్‌లో అన్నం పెట్టాల్సినవాళ్ల వరసలో మిస్కీన్, యతీం పక్కనే అసీర్, అంటే ఖైదీ, ఉన్నాడు. మొదటి ఇద్దరి కోసం మనకు చందాలు, మదర్సాలు ఉన్నాయి. మూడోవాడిని వదిలేశాం. ఇంకొకటి హజ్రత్ యూసుఫ్ అలైహిస్సలాం కిస్సా. ఆయన బేగునాహ్‌గా జైలుకు పోయారని ప్రతి బయాన్‌లో వింటాం. జైల్లో ఆయన పక్కన ఇంకో ఇద్దరు ఖైదీలున్నారు. ఇద్దరి ఖ్వాబ్‌లూ ఆయన విన్నారు. ఒకడు విడుదలయ్యాడు, ఒకడికి మరణశిక్ష పడింది. ముందే మీలో ఎవరు బేగునాహ్ అని అడిగి, ఒకడి ఖ్వాబే వినలేదు.

ఇప్పుడు పనికొచ్చే సంగతులు. లోపల ఉన్న మనిషి ఆమ్దనీ ఎంతైనా సరే, 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం కింద ముఫ్త్‌గా వకీలు ఇవ్వాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. జమానత్ వచ్చి ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంస్థకు చెప్పాలని, నెలలోగా జామీన్లు దొరకకపోతే షరతులు సడలించే విషయం కోర్టు చూడవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పైసలు కట్టలేని విచారణ ఖైదీలకు సాయం చేసే కేంద్ర పథకం 2023లో వచ్చింది, గంజాయి లాంటి కేసులకు వర్తించదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో పడ్డవాడు ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడోవంతు లోపలే గడిపేస్తే బాండు మీద వదలాలి. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటి కన్నా ఎక్కువ కేసులు నడుస్తున్నవాళ్లకు ఇది లేదు. ఇవి ఆ తల్లికి ఎవరూ చెప్పరు. వకీలు ఆఫీసు ముందు కూర్చుని బంగారు కమ్మలు తాకట్టు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తుంటుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మస్జిద్ కమిటీల్లో పట్టా భూమి ఉన్నవాళ్లకు, సర్కారీ నౌకరీ చేసేవాళ్లకు కొదవ లేదు. వాళ్లలో జామీను ఉండటానికి ఒప్పుకునేవాళ్ల పేర్లు ఒక రిజిస్టరులో రాసిపెట్టుకోవచ్చు. దాంతోపాటు నెలకు ఒకసారి ములాఖత్‌కు పోయే తల్లుల బస్సు కిరాయి చూసుకోవచ్చు. జకాత్ పైసలు దీనికి వాడవచ్చా లేదా అన్నది ముఫ్తీ సాబ్‌ను అడగండి, సదఖాకైతే ఆ పేచీ లేదు. ఒకరిద్దరు పెద్దమనుషులతో మాత్రం పని కాదు. జామీను ఉండేవాళ్లు ఇప్పటికే ఎంతమందికి జామీను ఉన్నారో కోర్టుకు రాసివ్వాలి, అన్ని కేసులకూ ఒకే పేరు కనిపిస్తే మేజిస్ట్రేటు ఒప్పుకోకపోవచ్చు. ఒక్కో మస్జిద్ నుంచి పది పేర్లన్నా కావాలి.