మళ్ళీ లెక్కపెట్టమనడం గునాహ్ కాదు

పంచాయతీ ఎన్నికల్లో రెండు వందల ఓట్లతో ఓడిపోయినవాడు నాలుగు రోజులకు మామూలు మనిషి అవుతాడు. రెండు ఓట్లతో ఓడినవాడు ఐదేళ్లయినా మామూలు కాలేడు. "ఆ రెండు ఓట్లు ఎవరివి?" అనే సవాల్ అతన్ని నిద్రపోనివ్వదు. అతని మనుషులు ఇంటింటి హిసాబ్ తీస్తారు. ఫలానా గల్లీ మాట తప్పింది, ఫలానా ఖాందాన్ అటు తిరిగింది అని షక్ మొదలవుతుంది. ఊళ్లో ఇరవై ముప్పై ఇళ్లు మాత్రమే ఉన్న మన మొహల్లా మీద ఆ షక్ ఎంత జల్దీగా వాలుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కాబట్టి ఓట్ల లెక్క సాఫ్‌గా జరగడం, జరిగినట్టు అందరికీ కనబడటం ఇద్దరు అభ్యర్థుల గొడవ మాత్రమే కాదు. కొద్దిమందిగా బతికేవాళ్ల అమన్ కూడా అందులోనే ఉంది.

తక్కువ తేడా అనేది అరుదైన సంగతేమీ కాదు. లక్షల ఓట్లుండే లోక్‌సభ ఎన్నికలోనే, 1989లో మన అనకాపల్లి 9 ఓట్ల తేడాతో తేలింది. 2017 ముంబై కార్పొరేషన్ ఎన్నికల్లో ఒక వార్డులో ఇద్దరికీ సరిగ్గా 5,946 ఓట్లు వచ్చాయి. చివరికి చిట్టీ తీసి ఫైసలా చేశారు. మొత్తం ఓట్లే రెండు మూడు వందలుండే పంచాయతీ వార్డులో ఒకటి రెండు ఓట్లతో గెలుపు తేలడంలో తాజ్జుబ్ ఏముంది?

లెక్క తప్పితే ఏమవుతుందో తెలియాలంటే హర్యానాలోని పానిపట్ జిల్లా, బువానా లాఖు గ్రామం కథ చూడండి. 2022 నవంబర్ 2న అక్కడ సర్పంచ్ ఎన్నిక జరిగింది. ఒక బూత్‌లో ఇద్దరు అభ్యర్థుల ఓట్లు తారుమారై ఒకరివి ఇంకొకరి ఖాతాలో పడ్డాయి. ఓడిన అభ్యర్థి ట్రిబ్యునల్‌కు వెళ్లాడు. ఆ బూత్ ఓట్లు మళ్ళీ లెక్కపెట్టమని ట్రిబ్యునల్ చెప్పేసరికి 2025 ఏప్రిల్ వచ్చింది. జూలైలో హైకోర్టు ఆ హుకుం కొట్టేసింది. మనిషి సుప్రీంకోర్టు దాకా నడిచాడు. సుప్రీంకోర్టు ఓటింగ్ యంత్రాలన్నిటినీ ఢిల్లీకి తెప్పించి, తన అధికారి చేతనే లెక్కపెట్టించింది. మొత్తం 3,767 ఓట్లలో పిటిషనర్‌కు 1,051, అప్పటిదాకా సర్పంచ్‌గా ఉన్నతనికి 1,000 వచ్చాయి. 2025 ఆగస్టు 11న కోర్టు గెలిచినవాణ్ణి గెలిచాడని చెప్పింది. అరవై నెలల పదవిలో ముప్పై మూడు నెలలు అప్పటికే వెళ్లిపోయాయి.

ఇన్సాఫ్ దొరికింది, అల్హందులిల్లాహ్. కానీ ఆ ముప్పై మూడు నెలలు ఊరికి ఎవరు వాపస్ ఇస్తారు? యంత్రాలు తెరిచి లెక్కపెట్టే పనికి ఎంతసేపు పట్టి ఉంటుంది? లెక్కపెట్టాలా వద్దా అన్న బహస్‌కే ఏళ్లు పట్టాయి.

దీని పక్కన చండీగఢ్ మేయర్ ఎన్నిక పెట్టి చూడండి. మొత్తం 36 ఓట్లు. 2024 జనవరి 30న ఎన్నిక నడిపిన అధికారి ఎనిమిది ఓట్లు చెల్లవన్నాడు, 16-12తో ఒకరు గెలిచారన్నాడు. బ్యాలెట్ల మీద అతనే కలం పెట్టడం కెమెరాకు చిక్కింది. ఫిబ్రవరి 20న, అంటే ఇరవై ఒక్క రోజులకే, సుప్రీంకోర్టు ఆ ఎనిమిది ఓట్లూ చెల్లుతాయని ఫలితం తిరగరాసింది. అక్కడ కెమెరా ఉంది, పెద్ద పార్టీలున్నాయి, పెద్ద వకీళ్లున్నారు. ఊరి సర్పంచ్‌కు అవేవీ ఉండవు. ఖానూన్ ఒకటే అయినా దాన్ని అందుకునే నిచ్చెన అందరికీ ఒకటి కాదు.

మన ఖానూన్ ఏమంటుందో కూడా చూద్దాం. రాజ్యాంగంలోని 243-ఓ అధికరణ ప్రకారం పంచాయతీ ఎన్నికను ఎన్నికల పిటిషన్ ద్వారానే ప్రశ్నించాలి. నేరుగా హైకోర్టుకు పరిగెత్తితే సాధారణంగా వెనక్కి పంపుతారు. ఆంధ్రప్రదేశ్ నియమాల్లో ఆ పిటిషన్‌కు గడువు ఫలితం ప్రకటించిన 30 రోజులు. గడువు దాటితే నీ దగ్గర ఎంత రుజువున్నా బేకార్.

పిటిషన్ వేసినంత మాత్రాన ఓట్ల పెట్టెలు తెరవరు. తమిళనాడులో ఒక పంచాయతీ అధ్యక్ష ఎన్నిక వివాదంపై 1989లో సుప్రీంకోర్టు సాఫ్‌గా చెప్పింది. ఓటు రహస్యం పవిత్రమైనది. గట్టి ఆధారం ముందే చూపాలి. తెరిచాక లెక్క మారింది కదా అని, తెరవమన్న హుకుం సరైనదని అనడానికి లేదు.

ఈ మాట కఠినంగా కనబడుతుంది గానీ నేను దాన్ని కాదనను. నూట యాభై ఓట్ల వార్డులో ఓడిన ప్రతివాడికీ పెట్టెలు తెరిచే హక్కిస్తే ఎవరు ఎటు వేశారో పసిగట్టడం ఎంతసేపు? ఆ భయం ముందుగా తగిలేది బీదవాళ్లకు, విధవలకు, మన మొహల్లాలకే. కోర్టు కాపాడుతున్నది మన పర్దానే.

అందుకే నా రాయ్ ఇది. మూడేళ్ల తర్వాత కోర్టులో పెట్టెలు తెరవడం కష్టంగానే ఉండాలి, అదే రాత్రి కౌంటింగ్ హాల్లో మళ్ళీ లెక్కపెట్టడం తేలిక కావాలి. ఇవాళ రీకౌంటింగ్ కావాలంటే అభ్యర్థి లిఖితపూర్వకంగా అడగాలి, కారణాలు చెప్పాలి. అడిగినవాణ్ణి ఓటమి హజమ్ చేసుకోలేనివాడిగా చూస్తారు. ఆ రాత్రి అధికారులు అలసిపోయి ఉంటారు, గెలిచినవాళ్లు బయట పటాకులు కాలుస్తుంటారు, పోలీసులు తొందర పెడతారు. బీద అభ్యర్థికి నోరు పెగలదు. అమెరికాలోని ఫ్లోరిడాలో తేడా అర శాతం లేదా అంతకన్నా తక్కువైతే ఎవరి దయా అక్కర్లేకుండా మళ్ళీ లెక్కిస్తారు. మన రెండు రాష్ట్రాలూ అలాంటి గీత ఒకటి గీయవచ్చు. అప్పుడు అడగడంలో షరమ్ ఉండదు, కాదనడంలో పక్షపాతం ఉండదు.

ఖర్చు అంటారా? పంచాయతీ బ్యాలెట్లను 25 చొప్పున కట్టలు కడతారు. ఒక్క కట్ట పొరపాటున పక్క అభ్యర్థి ట్రేలో పడితే తేడా 50 ఓట్లు మారిపోతుంది. ఆ కట్టలు మళ్ళీ చూడటానికి ఒకటి రెండు గంటలు చాలు.

రెండో మాట గడువు గురించి. ఎమ్మెల్యే, ఎంపీల ఎన్నికల పిటిషన్లను ఆరు నెలల్లో ముగించేందుకు ప్రయత్నించాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. అది కూడా చాలాసార్లు అమలు కాదు, నిజమే. అయినా వార్డు మెంబరు కేసుకు అంతకన్నా గట్టి గడువు కావాలి. లేకపోతే పదవి గడిచిపోయాక చేతికొచ్చే ఫైసలా కాగితంగానే మిగులుతుంది.

ఖానూన్ మారేదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవే. మన ఆపాలు, భాభీలు కూడా నిలబడుతున్నారు. కానీ కౌంటింగ్ రోజు వాళ్లు ఇంట్లో ఉంటారు, మియా హాల్లో ఉంటాడు. అలా కాకూడదు. అభ్యర్థి స్వయంగా వెళ్లాలి. చదవడం రాయడం వచ్చిన, నెమ్మదైన మనిషిని ఏజెంటుగా పెట్టుకోవాలి, గొంతు పెద్దదని పెట్టుకోకూడదు. చెల్లని ఓట్లను ఒక్కొక్కటిగా చూపించమని అడగాలి. బ్యాలెట్ మడతపెట్టినప్పుడు సిరా అవతలి గుర్తు మీద అంటుకున్నంత మాత్రాన ఓటరు ఇష్టం మారిపోదని మర్యాదగా వాదించాలి. అనుమానముంటే ఫలితం ప్రకటించకముందే అర్జీ రాసివ్వాలి, దాని నకలు, తారీఖుతో సహా, దగ్గర పెట్టుకోవాలి. ప్రకటించాక రిటర్నింగ్ అధికారి చేతిలో ఏమీ ఉండదు. రేపు అదాలత్‌లో మీ కోపం చెల్లదు, ఆ కాగితమే చెల్లుతుంది.

గెలిచినవాళ్లకూ ఒక గుజారిష్. ఎదుటివాడు మళ్ళీ లెక్కపెట్టమంటే బేఇజ్జతీగా తీసుకోకండి. రెండోసారి కూడా మీరే గెలిస్తే మీ కుర్చీ మీద ఎవరికీ షక్ ఉండదు. ఓడినవాడికి ఆ రెండు ఓట్లు ఎవరివని గల్లీల్లో వెతికే పని తప్పుతుంది. తెల్లారితే ఇద్దరూ నీళ్లు పట్టుకోవాల్సింది ఒకే నల్లా దగ్గర.