నిమ్మకుండీకి వుజూ నీళ్ళు

పెరడు లేని ఇళ్ళలో కూడా మేడపైన ఒక నిమ్మ మొక్కనైనా పెంచుకోవాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. “కుండీలోని నిమ్మ ఆకులు పసుపుబారి రాలిపోతున్నాయి, ఏం చేయాలి?” అని కొందరు సోదరీమణులు మమ్మల్ని అడుగుతున్నారు. మేము వ్యవసాయ పండితులము కాము. అయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత మాకు ఒక విధంగా కలిగింది. ఒక నిమ్మ మొక్కను చావు అంచుదాకా తీసుకువెళ్ళి, తిరిగి బ్రతికించుకున్నవారము మేము.

చదువు ముగించి వెళుతున్న ఒక విద్యార్థి మా మదర్సాకు ఒక నిమ్మ అంటును కానుకగా ఇచ్చాడు. దానిని మట్టి కుండీలో నాటి వుజూఖానా పక్కన ఉంచాము. రెండేళ్ళు చక్కగా పెరిగింది. గత వేసవిలో బోరు నీరు తగ్గింది. వుజూ నీరంతా కాలువ పాలవుతుంటే చూడలేక, “ఈ నీటిని బకెట్లలో పట్టి మొక్కలకు పోయండి” అని పిల్లలకు చెప్పాము. వుజూకు వాడిన నీటిని మొక్కలకు పోయడంలో ధర్మపరమైన అభ్యంతరం లేదు. సబ్బు కలవని నీరు కాబట్టి మొక్కకూ హాని లేదు. అయితే ఎంత పోయాలో, ఎప్పుడు పోయాలో మేము చెప్పలేదు.

పిల్లలు అయిదు పూటలా పోశారు. అందరికీ దగ్గరగా ఉన్నది ఆ నిమ్మకుండీయే. నెల తిరిగేసరికి ఆకులు పసుపుబారి, వాలిపోయి, రాలసాగాయి. ఎండకు దాహం వేసిందనుకుని మరింత పోశారు. మేమూ పోశాము.

పొదలకూరు వైపు నుంచి వచ్చి మా వద్ద చదువుకుంటున్న ఒక పిల్లవాడున్నాడు. అతని తండ్రి నిమ్మతోటలో పని చేస్తారు. ఒకనాడు అస్ర్ నమాజు తర్వాత ఆ పిల్లవాడు కుండీలో వేలు గుచ్చి, మట్టి వాసన చూసి, “హజ్రత్, దీనికి దాహం కాదు, వేరు కుళ్ళింది” అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాము. “పోయమన్నది మీరే కదా, హజ్రత్” అన్నాడు తల వంచుకుని. మాకు వెంటనే మాట రాలేదు.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. వేరుకు నీటితో పాటు గాలి కూడా అవసరం. మట్టి ఎల్లప్పుడూ నానుతూ ఉంటే గాలి ఆడక వేరు కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు. అందుచేత నీటిలో మునిగిన మొక్క కూడా దాహంతో ఉన్న మొక్కలాగే వాలిపోతుంది. ఆకును మాత్రమే చూసి తీర్పు చెప్పరాదు. చూపుడు వేలును రెండు అంగుళాలు మట్టిలోకి దించి చూడాలి. తడి తగిలితే ఆ రోజు నీరు వద్దు. పొడిగా ఉంటే కుండీ అడుగు రంధ్రం నుంచి నీరు కారేదాకా పోసి, కింది పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయాలి.

మేము మొక్కను కుండీ నుంచి తీసి చూస్తే సగం వేళ్ళు నల్లబడి మెత్తగా ఉన్నాయి. కుండీ నేలకు అతుక్కుని ఉన్నందున అడుగు రంధ్రం కూడా మూసుకుపోయింది. కుళ్ళిన వేళ్ళను శుభ్రమైన కత్తెరతో తీసివేశాము. మిగిలిన వేళ్ళు మోయలేవని కొమ్మలను కూడా మూడోవంతు కత్తిరించాము. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి తిరిగి నాటాము. అంటు కట్టిన చోటు మట్టిలో పూడకుండా చూశాము. కుండీని ఇటుకలపై ఎత్తి నిలిపి, పది రోజులు నీడలో ఉంచాము. నెలన్నర తర్వాత లేత చిగురు కనిపించింది.

ఇక మిగతా జాగ్రత్తలు. నిమ్మకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. ఎదిగిన మొక్కకు పద్దెనిమిది అంగుళాల కుండీ అవసరం. రెండు నెలలకు ఒకసారి రెండు గుప్పెళ్ళ వర్మికంపోస్టు పైమట్టిలో కలపాలి. ముదురాకులు మొత్తంగా పసుపుబారితే నత్రజని తక్కువైందని అర్థం. లేతాకులలో ఈనెలు పచ్చగా ఉండి నడుమ భాగం పసుపుబారితే అది జింకు, ఇనుము వంటి సూక్ష్మపోషకాల లోపం. వాటి మిశ్రమాన్ని ప్యాకెట్‌పై చెప్పిన మోతాదులో ఆకులపై చల్లాలి. పక్షి రెట్టలా కనిపించే పురుగు ఆకుపై ఉంటే అది సీతాకోకచిలుక గొంగళి, చేతితో ఏరివేస్తే చాలు. పిండినల్లి పడితే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం చల్లాలి. ఆకులపై, కాయలపై గరుకైన గోధుమరంగు మచ్చలు వస్తే అది గజ్జి తెగులు. ఆ కొమ్మలను కత్తిరించి దూరంగా పారవేయాలి. కొత్తగా కొనేవారు ఈ తెగులును కొంత తట్టుకునే బాలాజీ రకాన్ని నర్సరీలో అడగవచ్చు.

ఆ తర్వాత మేము మదర్సాలో రెండు మార్పులు చేశాము. వుజూలో నీటిని వృథా చేయరాదన్నది మేము మొదటి తరగతిలోనే చెప్పే పాఠం. కాలువకు పోయే నీటిని కుండీకి మళ్ళించి ఆ పాఠాన్ని పాటించామనుకున్నాము. నిజానికి కుళాయిని మాత్రం పూర్తిగా తిప్పి వదిలాము. ఇప్పుడు పిల్లలు సన్నని ధారతో వుజూ చేస్తున్నారు. పట్టిన నీరు ముందు వేపచెట్టుకు, అరటికి వెళుతుంది. నిమ్మకు వేలు పెట్టి చూశాకే పోస్తారు.

రెండవది, మా మాట వల్ల ఏదైనా చెడుతున్నట్లు కనిపిస్తే అదబు తప్పకుండా వెంటనే చెప్పాలని తరగతిలో అందరి ముందూ చెప్పాము. తెలిసిన పిల్లవాడు గౌరవం కొద్దీ నెల రోజులు మౌనంగా ఉండిపోవడం మా శిక్షణలోని లోపమే, అతని లోపం కాదు. మీ ఇళ్ళలో కూడా పెద్దల మాటకు ఎదురు చెప్పలేక ఊరుకున్న పిల్లలు ఉండవచ్చు. ఒకసారి అడిగి చూడండి.

ఈ ఫిబ్రవరిలో నిమ్మ పూసింది. పిందెలలో చాలా భాగం రాలాయి, అది సహజమే. పదకొండు నిలిచాయి. అల్లాహ్ తలిస్తే మొదటి కాయను ఆ పిల్లవాని చేతనే కోయిస్తాము.